వన్స్‌మోర్ అన్నవాళ్ల బాకీ

1851 జనవరి 20న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక కొత్త హాస్య ఒపెరా మొదటిసారి ఆడారు. పేరు ‘డీ ఓపెర్న్‌ప్రోబె’, అంటే ఒపెరా రిహార్సల్. సంగీతం పిచ్చి ముదిరిన ఒక జమీందారు తన కొలువులోని నౌకర్లందరి చేతా పాడించి, వాయించి ముచ్చట తీర్చుకునే కథ అది. అందులో మాటలు, పాటలు, సంగీతం అన్నీ ఒక్కడే రాశాడు. ఆయన ఆ రాత్రి ఆ హాల్లో లేడు, దూరాన బెర్లిన్‌లో ఉన్నాడు. మర్నాడు పక్షవాతం వచ్చి చనిపోయాడు. వయసు 49.

అంత్యక్రియలకు బెర్లిన్ సంగీత లోకం కదిలి వచ్చింది. ఆ కాలంలో యూరప్ అంతటా పేరు మోగిపోతున్న ఒపెరా రచయిత జాకోమో మేయర్‌బేర్ కూడా శవపేటిక వెంట నడిచాడు. తోటి నటులు ఆ పేటికకు నలుపు, ఎరుపు, బంగారు రంగుల పట్టీ కట్టారు. 1848 విప్లవంలో ప్రజలు ఎగరేసిన రంగులవి. తర్వాత అనేక రంగశాలలు ఆ కుటుంబం కోసం సహాయ ప్రదర్శనలు వేశాయి. వచ్చిన డబ్బు భార్యాబిడ్డలకు అందింది.

ఆయన పేరు ఆల్బర్ట్ లోర్ట్‌సింగ్. అప్పటికి పదమూడేళ్లుగా ఆయన ఒపెరాలు జర్మన్ మాట్లాడే ఊళ్లన్నిటా ఆడుతున్నాయి. వీధుల్లో జనం ఆయన పాటలు కూనిరాగాలు తీస్తున్నారు. సహాయ ప్రదర్శనలకు నిండిన ఆ కుర్చీలు అంతకుముందూ ఆయన నాటకాలకు నిండినవే. అప్పుడు కూడా టికెట్లు అమ్ముడయ్యాయి, ఎవరి వాటా వాళ్లకు చేరింది. చేరనిది రాసినవాడికి మాత్రమే. చచ్చాక ఆ కుటుంబానికి దానంగా ఇచ్చిన డబ్బు, బతికుండగా ఆయనకు హక్కుగా రావలసినది. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇంత దూరపు కథ ఎత్తుకున్నాను. ఇది జర్మన్ల మీద నేరం మోపడానికి కాదు. పాట విని ఆనందించే ప్రతి సమాజమూ, మనతో సహా, ఈ బాకీ పడి ఉంది.

లోర్ట్‌సింగ్ 1801 అక్టోబర్ 23న బెర్లిన్‌లో పుట్టాడు. తండ్రిది తోలు వ్యాపారం. తల్లిదండ్రులిద్దరికీ నాటకాల మీద ప్రాణం. తీరిక వేళల్లో ఒక ఔత్సాహిక నాటక సమాజంలో వేషాలు వేసేవాళ్లు. వ్యాపారం దెబ్బతిన్నాక దుకాణం మూసి, కొడుకును వెంటబెట్టుకుని నాటక కంపెనీల్లో చేరిపోయారు. బ్రెస్లావ్, బాంబెర్గ్, స్ట్రాస్‌బుర్గ్, ఫ్రైబుర్గ్ అంటూ ఊరూరా తిరిగారు. పిల్లాడికి రంగస్థలమే బడి అయింది. చిన్న పిల్లల వేషాలు వేశాడు, పాత్రల వంతులు రాసిపెట్టాడు, వాద్యాలు నేర్చాడు, పెద్దయ్యాక హాస్యపాత్రల గాయకుడయ్యాడు. సురభి కుటుంబాలను ఎరిగిన తెలుగువారికి ఈ బాల్యం కొత్తగా అనిపించదు.

1824లో రోజీనా ఆలెస్ అనే నటిని పెళ్లి చేసుకున్నాడు. వాళ్లకు 11 మంది పిల్లలు పుట్టారు, వారిలో కొందరు పసితనంలోనే పోయారు. 1826 నుంచి డెట్‌మోల్డ్ అనే చిన్న సంస్థానపు రంగశాలలో పనిచేశాడు. 1833 చివర్లో లైప్‌జిగ్ నగర రంగశాలకు వచ్చాడు. నటన, గానం, రచన మూడూ ఒకేసారి చేస్తూ తన మంచి పనిలో చాలా భాగం అక్కడే చేశాడు.

1837 డిసెంబర్ 22న లైప్‌జిగ్‌లో ఆయన ‘త్సార్ ఉంట్ త్సిమర్‌మన్’ మొదటిసారి ఆడింది. రష్యా చక్రవర్తి పీటర్ మారుపేరుతో హాలండ్‌లోని సార్డాం ఓడల రేవులో మామూలు వడ్రంగిగా పనిచేస్తుంటాడు. అదే రేవులో సైన్యం నుంచి పారిపోయి వచ్చిన ఇంకో రష్యా కుర్రాడూ ఉంటాడు, వాడి పేరూ పీటరే. ఊరి మేయర్ వాన్ బెట్ తనను మించిన తెలివైనవాడు లేడనుకునే మనిషి. అసలు చక్రవర్తి ఎవరో, వడ్రంగి ఎవరో తేల్చబోయి అంతా తారుమారు చేస్తాడు. ఆ చక్రవర్తిని స్తుతించే బృందగానం ఊరివాళ్లకు నేర్పడానికి అతను పడే తంటాలు చూసి జనం ఈనాటికీ పడీపడీ నవ్వుతారు. మొదటి ప్రదర్శనలో పారిపోయి వచ్చిన ఆ కుర్రాడి వేషం లోర్ట్‌సింగే వేశాడు. తల్లి షార్లొట్టె కూడా అందులో ఒక పాత్ర ధరించింది. ఫ్రెంచి నాటకం ఒకటి తీసుకుని మాటలు తనే తిరగరాసి, పాటలు తనే కట్టి, బాణీలు తనే చేసి, ముఖానికి రంగు వేసుకుని తనే నిలబడి పాడాడు. 1839లో అది బెర్లిన్‌లో ఆడి విరగబడి గెలిచింది. తర్వాత ఆడని ఊరు లేదు.

ఇక్కడ డబ్బు లెక్క కొంచెం నిలబడి చూడాలి. ఆనాడు జర్మన్ రాజ్యాల్లో ఒపెరా రాసినవాడికి మామూలుగా దొరికేది ఒక్కసారి ఇచ్చే సొమ్ము. ఒక రంగశాల రాతప్రతి నకలు కొనుక్కుంటుంది, ఆ ధర ఇస్తుంది, అక్కడితో సరి. ఆ తర్వాత దాన్ని పది రాత్రులు ఆడినా, పదేళ్లు ఆడినా రచయితకు చిల్లిగవ్వ రాదు. నటుడికి జీతం ముడుతుంది. వయొలిన్ వాయించేవాడికి, పరదాలు లాగేవాడికి, వాకిట్లో టికెట్లు చింపేవాడికి ముడుతుంది. రంగశాల నడిపేవాడికి లాభం వస్తుంది. ఈ అన్నం అందరికీ పెడుతున్న కథను, పాటను పుట్టించినవాడే ఆ పంక్తిలో కూర్చోడు.

వేరే దారి ఎవరికీ తెలియక ఇలా జరిగిందా? కాదు. పక్కనే ఉన్న ఫ్రాన్స్‌లో 1777లోనే బొమార్షె అనే నాటక రచయిత తోటి రచయితలను కూడగట్టి, ప్రతి ప్రదర్శన రాబడిలో వాటా కోసం రంగశాలతో తలపడ్డాడు. 1791లో, విప్లవం మధ్యలో, ఫ్రెంచి శాసనసభ నాటకకర్త అనుమతి లేకుండా అతని నాటకం ఆడకూడదని చట్టం చేసింది. అంటే లోర్ట్‌సింగ్ పుట్టడానికి పదేళ్ల ముందే న్యాయం ఎలా ఉంటుందో యూరప్‌కు తెలుసు. తెలిసినదాన్ని తెచ్చుకునే పట్టుదల మాత్రం జర్మన్ సమాజానికి రాలేదు.

కాబట్టి ఈ కథలో మనం వేలెత్తి చూపడానికి ఒక దుర్మార్గుడు దొరకడు. రంగశాలలు ఆనాటి పద్ధతి ప్రకారమే నడుచుకున్నాయి. ధర ఇచ్చే నకలు కొన్నాయి. ఏ ప్రేక్షకుడూ గోడ దూకి లోపలికి రాలేదు, టికెట్టు కొనే వచ్చాడు. చట్టం ఎక్కడా తప్పలేదు. అందరూ నిజాయితీగా ఉన్నారు, అయినా ఒక మనిషి కుటుంబం పస్తులకు దగ్గరపడింది. ఒక్కడు చేసిన పాపాన్ని పట్టుకుని శిక్షించడం సులువు. వేలమంది కలిసి, ఎవరి పని వాళ్లు సక్రమంగా చేసుకుంటూ చేసే పాపం ఎవరి లెక్కలోకీ రాదు. ఆ లెక్క రాసుకోవలసింది మనస్సాక్షి మాత్రమే, అదీ అందరం కలిసి. నా వంతు నేను ఇచ్చేశాను కదా అనుకున్న ప్రతి ఒక్కరికీ ఆ లెక్కలో వంతు ఉంది.

లోర్ట్‌సింగ్‌కు ఈ విషయం తెలియదా? చాలా బాగా తెలుసు. 1842 డిసెంబర్ 31న ఆడిన ‘డేర్ విల్డ్‌షూట్స్’ చూడండి. ఆయన రచనల్లో నాకు అన్నిటికంటే పైన కనిపించేది అదే. బాకులూస్ అనే ముసలి బడిపంతులు తన పెళ్లి నిశ్చయపు విందు కోసం జమీందారు అడవిలో దొంగచాటుగా ఒక జింకను కాలుస్తాడు. దాంతో ఉద్యోగం ఊడుతుంది. ఉద్యోగం తిరిగి ఇమ్మని బతిమాలడానికి ఒక పెద్దింటి యువతి పెళ్లికూతురి వేషంలో కోటకు వెళుతుంది. అక్కడి బారన్‌కు ఆ ‘పెళ్లికూతురు’ నచ్చి, ఆమెను వదులుకుంటే అయిదు వేల థాలర్లు ఇస్తానంటాడు పంతులుతో. ఒక్కడే మిగిలాక ఆ ముసలివాడు అయిదు వేలు, అయిదు వేలు అని పాడుకుంటూ ఊహల్లో మేడలు కడతాడు. అప్పులు తీరతాయి, ఊళ్లో గౌరవం దొరుకుతుంది, ఇంకా ఏమేమో అవుతాయి. కాబోయే భార్యను అమ్ముకుంటున్నానన్న ఆలోచన ఎక్కడో అడుగున పడిపోతుంది. హాలంతా నవ్వుతుంది. ఆ నవ్వు కింద ఉన్నది పేదరికం. జీవితమంతా చిన్న జీతంతో తల వంచుకు బతికిన మనిషిని పెద్ద మొత్తం ఏం చేస్తుందో అంత దయతో, అంత నిజంగా చూపినవాడు ఆ బాధ బయటినుంచి చూసి రాయలేడు. చివరికి తేలేదేమిటంటే ఆ పంతులు చీకట్లో కాల్చింది జింకను కాదు, తన సొంత గాడిదనే.

బెర్లిన్‌లో చివరి ఉద్యోగంలో లోర్ట్‌సింగ్ జీతం ఏడాదికి 600 థాలర్లు. తన పాత్ర కలగన్న అయిదు వేలు సంపాదించాలంటే ఆయన ఎనిమిదేళ్లకు పైగా, పైసా ఖర్చు పెట్టకుండా పనిచేయాలి. ఇంట్లో అంతమంది తినేవాళ్లను పెట్టుకుని.

1840లో ఆయన ‘హన్స్ సాక్స్’ అనే ఒపెరా చేశాడు. చెప్పులు కుట్టుకుంటూ కవిత్వం రాసిన న్యూరెంబర్గ్ కవి కథ. దాదాపు 30 ఏళ్ల తర్వాత, 1868లో, రిచర్డ్ వాగ్నర్ అదే కవిని తన మహా ఒపెరాలో నిలబెట్టాడు. వాగ్నర్ కూడా మాటలు తనే రాసుకున్న సంగీతకర్త. అతనూ అప్పుల్లో మునిగినవాడే. 1864లో బవేరియా యువరాజు గద్దెనెక్కి రెండో లూడ్విగ్ అయ్యాక వాగ్నర్‌ను పిలిపించి అప్పులు తీర్చాడు, కాబట్టి అతను గట్టెక్కాడు. లోర్ట్‌సింగ్‌కు రాజు దొరకలేదు. కళాకారుడి బతుకు ఒక రాజు దొరకడం మీద, ఒక మంత్రి చూడడం మీద, ఒక వీడియో నలుగురి కంటా పడడం మీద ఆధారపడి ఉంటే, ఆ సమాజానికి న్యాయం ఉందని చెప్పుకోలేం. అదృష్టం ఉందని చెప్పుకోవచ్చు, అదీ ఒకరిద్దరికి.

లైప్‌జిగ్ రంగశాలలో వాద్యబృందాన్ని నడిపే కపెల్‌మైస్టర్ పదవి 1844లో లోర్ట్‌సింగ్‌కు వచ్చింది, మరుసటి ఏడాదే పోయింది. 1845లో మాగ్డెబుర్గ్‌లో ‘ఉన్‌డీనె’, 1846లో వియన్నాలో ‘డేర్ వాఫెన్‌ష్మీడ్’ ఆడాయి. వియన్నాలోనే థియేటర్ ఆన్ డేర్ వీన్‌లో మళ్లీ ఒక ఉద్యోగం దొరికింది. అంతలో 1848 వచ్చింది.

ఆ ఏడాది యూరప్ అంతా భగ్గుమంది. వియన్నా వీధుల్లో విద్యార్థులు, కార్మికులు లేచారు. వియన్నా నడిబొడ్డున కూర్చుని లోర్ట్‌సింగ్ ‘రెగీనా’ రాశాడు. భార్య పేరులోనూ రెగీనా ఉంది, రోజీనా రెగీనా. ఈ ఒపెరా ఒక ఫ్యాక్టరీలో మొదలవుతుంది. కార్మికులు పనిముట్లు కింద పెట్టి, ఈ కూలికి ఇక పనిచేయమని ఎదురు తిరుగుతారు. రాజులు, అప్సరసలు, మారువేషాలు నడిచే ఒపెరా వేదిక మీద కూలి రేటు గురించి బృందగానం చేయించడం ఆ రోజుల్లో ఎవరూ తలపెట్టని పని. యజమాని కూతురు రెగీనా, ఆమె ప్రేమించిన ఫ్యాక్టరీ నిర్వాహకుడు, ఆమె మీద కన్నేసి హింసకు దిగే మేస్త్రీ, వీళ్ల చుట్టూ కథ తిరుగుతుంది. లోర్ట్‌సింగ్ హింసను మెచ్చుకోలేదు, కానీ కార్మికుల కోరిక న్యాయమైనదని దాచలేదు. మాటలు పూర్తిగా ఆయనవే. తనకూ ఆ ఫ్యాక్టరీ వాళ్లకూ పెద్ద తేడా లేదని ఆయనకు తెలిసే ఉంటుందని నేను నమ్ముతున్నాను. ఇద్దరూ చేసే సరుకు అమ్ముడవుతూనే ఉంది, ఇద్దరి ఇంటా అప్పే ఉంది.

ఆయనకు రాబర్ట్ బ్లూమ్ అనే స్నేహితుడు ఉండేవాడు. లైప్‌జిగ్ రంగశాలలో ఏళ్ల తరబడి లెక్కలు చూసిన మనిషి. నాటకాల లోకం నుంచి రాజకీయాల్లోకి వెళ్లి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో కూడిన తొలి జర్మన్ జాతీయ సభకు ప్రతినిధి అయ్యాడు. 1848 అక్టోబర్‌లో వియన్నా తిరుగుబాటుకు అండగా వచ్చాడు. సైన్యం నగరాన్ని పట్టుకున్నాక, ప్రతినిధులకు ఉన్న రక్షణను కూడా లెక్కచేయకుండా, నవంబర్ 9న అతన్ని తుపాకులతో కాల్చి చంపారు. విప్లవం అణిగిపోయింది. ‘రెగీనా’ను ఆడడానికి ఏ రంగశాలా ముందుకు రాలేదు. లోర్ట్‌సింగ్ బతికుండగా దాన్ని వేదిక మీద చూడలేదు.

వియన్నా ఉద్యోగం పోయింది. లైప్‌జిగ్‌కు తిరిగి వెళ్లాడు, అక్కడా నిలదొక్కుకోలేకపోయాడు. ఆ తర్వాతి దశ తలచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది. యాభయ్యో ఏడు దగ్గరపడుతున్న మనిషి, దేశమంతా పాడుకునే ఒపెరాలు రాసిన మనిషి, గేరా, లూనెబుర్గ్ లాంటి చిన్న ఊళ్లకు పోయి మళ్లీ ముఖానికి రంగు పూసుకుని హాస్యవేషాలు వేశాడు, ఆ పూటకు వచ్చే డబ్బు కోసం. 1850లో బెర్లిన్‌లో కొత్తగా తెరిచిన ఫ్రీడ్రిష్-విల్‌హెల్మ్‌ష్టాట్ రంగశాలలో ఆ 600 థాలర్ల ఉద్యోగం దొరికింది. అక్కడ ఆయన పని ప్రహసనాలకూ తేలిక పాటలకూ వాద్యబృందాన్ని నడపడం. అదే నగరంలో రాజ ఒపెరా ఉంది, ఆయన పాటలు తెలిసిన వేల ఇళ్లున్నాయి. అదే నగరంలో ఆయన పుట్టాడు. ఏడాది తిరక్కుండానే చనిపోయాడు.

ఆయన పోయిన తర్వాత జరిగినది కూడా మనం మరిచిపోకూడదు. చనిపోయినవాణ్ణి గౌరవించడం ఖర్చు లేని పని అనుకుంటాం. చాలాసార్లు ఆ గౌరవం పేరుతో రెండోసారి దోచుకుంటాం. 1899లో బెర్లిన్ రాజ ఒపెరా ‘రెగీనా’ను ఎట్టకేలకు వేదిక ఎక్కించింది. కానీ ఎలా? ఫ్యాక్టరీని తీసేశారు. సమ్మెను తీసేశారు. నెపోలియన్ మీద జరిగిన యుద్ధాల కాలంలోకి కథను మార్చి, దేశభక్తి నాటకంగా దిద్దారు. లోర్ట్‌సింగ్ రాగాలు కావాలి, లోర్ట్‌సింగ్ చెప్పిన మాట వద్దు. 1906లో అదే బెర్లిన్‌లో టియర్‌గార్టెన్ ఉద్యానవనంలో ఆయనకు పాలరాతి విగ్రహం లేచింది. ఆకలి గురించి ఆయన రాసినది చెరిపి, పేదరికంలో పోయినవాడికి రాతి బొమ్మ పెట్టారు. ఆయన రాసిన రూపంలో ‘రెగీనా’ను జనం చూడగలిగింది 1998లో, గెల్జెన్‌కిర్షెన్‌లో. అది రూర్ ప్రాంతపు బొగ్గు గనుల ఊరు, కార్మికుల ఊరు. 150 ఏళ్లు పట్టింది.

న్యాయం దానంతట అది రాలేదు. లోర్ట్‌సింగ్ వియన్నాలో ఉన్న రోజుల్లోనే, 1847లో, పారిస్‌లో ఎర్నెస్ట్ బూర్జె అనే పాటల రచయిత ఇద్దరు సంగీతకర్త మిత్రులతో కలిసి ఒక కాఫీ హోటల్లో కూర్చున్నాడు. అక్కడ వాయిస్తున్నవి వాళ్ల పాటలే. బిల్లు తెచ్చినప్పుడు వాళ్లు కట్టబోమన్నారు. మా పాటలకు మీరు డబ్బివ్వనప్పుడు మీ పానీయాలకు మేమెందుకివ్వాలన్నది వాళ్ల వాదన. తగువు కోర్టుకెక్కింది, రచయితలు గెలిచారు. ఆ గెలుపు నుంచి పుట్టిన పాటల రచయితల, సంగీతకర్తల సంఘం సాసెమ్ స్థాపితమైన సంవత్సరం 1851. బెర్లిన్‌లో లోర్ట్‌సింగ్‌ను పూడ్చిన సంవత్సరమే. జర్మనీలో 1870 నాటి చట్టం సంగీత నాటకాల ప్రదర్శన మీద కర్తకు హక్కు ఇచ్చింది. 1871లో వైమార్‌లో నటీనటులు తమ సంఘం కట్టుకున్నారు. 1903లో రిచర్డ్ స్ట్రాస్, మరికొందరు సంగీతకర్తలు తమ హక్కుల వసూలుకు సంఘాన్ని నిలబెట్టారు. వీళ్లెవరూ జాలి అడగలేదు. వాటా అడిగారు. జాలి మనిషిని బట్టి, ఆ రోజు మనసును బట్టి మారిపోతుంది. వాటా మారదు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం.

మన దేశంలో సినిమా పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు చాలా దశాబ్దాలు లోర్ట్‌సింగ్ స్థితిలోనే ఉన్నారు. ఒక్కసారి డబ్బు తీసుకుని సంతకం పెడితే, ఆ పాట రేడియోలో, టీవీలో, ఫోనుల్లో ఎన్నేళ్లు మోగినా వాళ్లకు సంబంధం లేకుండా పోయేది. 2012లో పార్లమెంటు కాపీరైట్ చట్టాన్ని సవరించింది. సినిమాహాలు బయట పాట వాడకం మీద వచ్చే రాయల్టీలో రచయితకు, సంగీతకర్తకు సమాన వాటా ఉందని, ఆ వాటాను వదులుకునేలా రాయించుకున్న ఒప్పందం చెల్లదని చెప్పింది. రాజ్యసభలో పాటల రచయిత జావేద్ అఖ్తర్ గొంతెత్తి దాని కోసం నిలబడ్డాడు. చట్టం మంచిదే. కానీ ఫ్రాన్స్ చట్టాన్ని పక్కింట్లో పెట్టుకుని జర్మన్ సమాజం దాదాపు ఎనభై ఏళ్లు ఎలా నిద్రపోయిందో ఇప్పుడే చూశాం. చట్టం పుస్తకంలో ఉన్నంత మాత్రాన ఇంట్లో పొయ్యి వెలగదు.

సినిమా సంగతి అలా ఉంటే, సినిమా వెలుగు పడని వాళ్ల మాటేమిటి? పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గొంతు 2021లో ఒక పెద్ద సినిమా పాటలో మోగింది. 2022లో కేంద్రం పద్మశ్రీ ఇచ్చింది. తెలుగువాళ్లందరం గర్వపడ్డాం, ఫోటోలు పంచుకున్నాం. 2024 మే నెలలో ఆయన హైదరాబాద్ శివార్లలో రోజు కూలీగా పనిచేస్తున్న దృశ్యాలు బయటికొచ్చాయి. అప్పుడు అందరం ఉలిక్కిపడ్డాం. ఆ ఉలికిపాటు మంచిదే, దానివల్ల కదలిక వచ్చింది. కానీ ఆ దృశ్యం కెమెరాకు చిక్కకపోతే? కెమెరాకు చిక్కని ఒగ్గుకథ, బుర్రకథ, యక్షగానం, పద్యనాటకం వాళ్లు ఎందరు? వాళ్లందరికీ మన మనస్సాక్షి మేల్కోవడానికి ఒక్కొక్క వీడియో కావాలా?

పద్యనాటకం చూసిన తెలుగువాడికి వన్స్‌మోర్ అనడం ఎంత ఇష్టమో నాకు తెలుసు. రాగం తీసి పద్యం ముగించగానే చీకట్లోంచి ఆ కేక లేస్తుంది. అలసిపోయిన నటుడు నవ్వి, హార్మోనిస్టు వైపు చూసి, మళ్లీ అందుకుంటాడు. ఆ కేక వేసిన గొంతుల్లో ఒకటి మనది. ఇంకోసారి పాడమని అడిగే హక్కు మనకుంటే, ఆ గొంతు రేపు కూడా తిని బతికేలా చూసే బాధ్యత కూడా మనదే. శాలువా కప్పి ఆ బాధ్యత తీరిందనుకోవద్దు. జ్ఞాపిక ఇచ్చి, దండ వేసి, ఫోటో తీయించుకుని, బస్సు చార్జీ ఇవ్వకుండా పంపించిన సభలు మన మధ్యే జరుగుతున్నాయి. సభ పెద్దలను మాత్రమే తప్పుపట్టకండి. ఆ సభలో కూర్చుని చప్పట్లు కొట్టిన మనం, ఆ మనిషి ఏ బస్సులో ఇంటికి వెళ్లాడో ఎప్పుడైనా అడిగామా?

దూరదేశాల్లో తెలుగు సంఘాలు ఘనంగా ఉత్సవాలు చేసుకుంటున్నాయి. ఇక్కడినుంచి కళాకారులను పిలిపించుకుంటున్నాయి. పిలిచినప్పుడు విమానం టికెట్టుతో పాటు ప్రతిఫలం ఎంతో ముందే రాసి పంపండి. మీ పిల్లలకు నేర్పే పాట ఎవరు రాశారో, ఎవరు బాణీ కట్టారో వాళ్లకు చెప్పండి. జానపదమని పేరు పెట్టి ఊరూ పేరూ ఉన్న రచయితను ఊరూ పేరూ లేనివాడిగా మార్చడం మనం ఎంత సులువుగా చేస్తున్నామో ఒకసారి గుర్తు చేసుకోండి. పంచుకునే ప్రతి పాట కింద ఆ రెండు పేర్లు రాయడానికి పట్టేది అర నిమిషం.

రాసినవాడు ఏం చెప్పాడో దాన్ని మార్చకండి. ఇది నేను ప్రత్యేకంగా వేడుకుంటున్నాను. ఒక కవి పాటలో కూలి మాట, కులం మాట, ఆకలి మాట ఉంటే, అవి తీసేసి రాగం మాత్రమే వాడుకుని ఆయన జయంతి చేయకండి. సమ్మె తీసేసిన ‘రెగీనా’కు బెర్లిన్‌లో చప్పట్లు కొట్టినవాళ్లకు అసలు పాఠం ఏమిటో అడగాలని తోచలేదు. మనకు తోచాలి.

ఇక చేయవలసినవి. వృద్ధ కళాకారుల పింఛను నెలనెలా తప్పకుండా అందాలని, ఆగిన నెల ఎందుకు ఆగిందో చెప్పాలని మీ ఎమ్మెల్యేను రాతపూర్వకంగా అడగండి. ఒక్కరు అడిగితే అర్జీ అవుతుంది, ఊరంతా అడిగితే జవాబు వస్తుంది. కళాకారుల సంఘాలు వాటా అడిగినప్పుడు వాళ్లు ఆశపోతులైపోయారని మాట్లాడేవాళ్ల పక్కన నిలబడకండి. ఈ ఏడు మీ ఊరి తిరునాళ్లకు నాటకం పెట్టించే కమిటీలో మీరుంటే, బేరం ఆడకండి. డబ్బు నటులు రంగు వేసుకోకముందే చేతిలో పెట్టండి. హార్మోనిస్టుకు, తబలా ఆయనకు కూడా విడిగా ఇవ్వండి. నాటకం మొదలయ్యే ముందు, ఆ రాత్రి పాడబోయే పద్యాలు రాసిన కవి ఎవరో మైకులో పేరు పెట్టి చెప్పించండి. ఆయన గానీ ఆయన పిల్లలు గానీ ఆ చుట్టుపక్కల ఉంటే, కబురు పెట్టి పిలిచి, వాళ్ల వాటా కూడా ఆ రాత్రే ఇవ్వండి.